సైనిక విద్యాలయాల్లో రాత చదువు

సైనికాధికారికి కవాతు, గురి, పటం చదవడంతో పాటు కలం పట్టడం నేర్పే శిక్షణను సైన్యంలో ‘సర్వీస్ రైటింగ్’ అంటారు. ఆజ్ఞ రాయడం, పరిస్థితిని తూచి కాగితం మీద పెట్టడం, నివేదిక, అధికారిక లేఖ, కింది ఉద్యోగి పనితీరు మీద అభిప్రాయం, పై చదువుల్లో పరిశోధన వ్యాసం ఇందులోకి వస్తాయి. కేడెట్ల అకాడమీలో అక్షరాభ్యాసంలా మొదలై, కల్నల్ హోదాకు చేరినవాళ్లు చదివే కళాశాలల్లో కూడా ఈ చదువు సాగుతూనే ఉంటుంది.

అనకాపల్లిలో నిలబడి చూస్తే దీని ఆనవాళ్లు చుట్టుపక్కలే ఉన్నాయి. విజయనగరం వైపు వెళ్లే రైలెక్కితే అలమండ దాటాక కోరుకొండ స్టేషను వస్తుంది. అక్కడ సైనిక్ స్కూలు ఉంది. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనే, రాంబిల్లి తీరాన నౌకాదళం మరో స్థావరాన్ని కట్టుకుంటోంది. జిల్లా పిల్లలు ఈ దారుల్లోకి వెళ్తూనే ఉన్నారు. వాళ్ల శిక్షణ అనగానే అందరికీ పరుగు, పుషప్పులు, తుపాకీ గుర్తొస్తాయి. వాళ్లు బల్ల ముందు కూర్చుని రాసే గంటల గురించి తెలుగులో చెప్పుకున్నది తక్కువ.

రైటరు అనే మాట

మన ఊళ్లలో రైటరు అంటే కవో కథకుడో అని మొదట తోచదు. పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాసేవాడు రైటరు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసిపెట్టేవాడు డాక్యుమెంటు రైటరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో కొత్తగా చేరిన దొర ఎక్కే మొదటి మెట్టు పేరు కూడా రైటరే. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగుకు ఆ పేరు అలా వచ్చిందే. భారత నౌకాదళంలో ఇప్పటికీ రైటర్ అనే ఉద్యోగ శాఖ ఉంది. ఓడలోనూ ఒడ్డునా జీతాల లెక్కలు, సిబ్బంది వివరాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు చూసేది ఆ శాఖవాళ్లే. ముంబయిలోని ఐఎన్ఎస్ హమ్లాలో వాళ్లకు శిక్షణ ఇస్తారు. కొలువులో రాత ఒక పని, ఆ పనికి మనిషి జవాబుదారీ అన్న అర్థం ఈ వాడుకలన్నిటిలోనూ ఒకటే. సైనిక కళాశాలలు నేర్పే రాతకు మూలం కూడా ఆ అర్థంలోనే ఉంది.

కంపెనీ నాటి చదువు

అనకాపల్లి పక్కనే ఉన్న కశింకోటకు ఈ చరిత్రలో ఒక పాత చోటు ఉంది. 1758లో విజయనగరం ఆనంద గజపతి ఉత్తర సర్కారుల నుంచి ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టడానికి కలకత్తాలో ఉన్న క్లైవుకు కబురంపాడు. కర్నల్ ఫోర్డు బెంగాలు నుంచి దండుతో వచ్చి విశాఖపట్నంలో దిగి, కశింకోట దగ్గర రాజుగారి సేనతో కలిశాడు. ఆ డిసెంబరులో చందుర్తి యుద్ధం జరిగింది. బెంగాలు సిపాయిలు, ఇంగ్లీషు అధికార్లు, తెలుగు పటాలం ఒక్కచోట విడిదిచేసినప్పుడు ఒకరి మాట ఒకరికి చేర్చాల్సింది దుబాసీలే. ఆ కాలమంతా దొరల పని దుబాసీ నోటి మీద ఆధారపడే నడిచింది. దుబాసీ చెప్పినదాన్ని సరిచూసుకునే దారి లేకపోవడం కంపెనీకి పెద్ద బెంగ.

ఆ బెంగలోంచే భాషా కళాశాలలు పుట్టాయి. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల, 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల వచ్చాయి. రెండోదాన్ని నిలబెట్టినవాడు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. అక్కడ తెలుగు, సంస్కృతం చెప్పినవారిలో పట్టాభిరామశాస్త్రి ముఖ్యుడు. ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో ఈ కళాశాల నీడలోనే అచ్చయింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎల్లిస్ నిరూపించిన పరిశోధన ఆ పుస్తకానికి ముందుమాటగానే వచ్చింది. మరుసటి ఏడు మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ అక్కడే, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. ఇవి సివిల్ ఉద్యోగుల కోసం పెట్టినవి. అయినా వీటిని ఇక్కడ చెప్పుకోవాలి. చేతికొచ్చిన అర్జీ తానే చదువుకోగలగాలి, జవాబు తానే రాయగలగాలి అన్న నియమాన్ని పాఠంగా, పరీక్షగా మార్చింది ఇవే.

కంపెనీ తన సైనికాధికారుల కోసం పెట్టిన కళాశాల ఇంగ్లండులో, లండనుకు దక్షిణాన అడిస్కోంబులో ఉండేది. 1809 నుంచి 1861 దాకా నడిచింది. లెక్కలు, కోటల నిర్మాణం, చిత్రలేఖనం, సర్వే, హిందుస్తానీ అక్కడి పాఠాలు. హిందుస్తానీ చెప్పిన జాన్ షేక్స్పియర్ ఆ విద్యార్థుల అవసరం చూసే వ్యాకరణమూ నిఘంటువూ రాశాడు. సర్వే చదువులో పటం గీస్తే పని అయిపోదు. నేల తీరు, నీటి దారి, రాకపోకల వీలు, పంటలు, జనం గురించి వివరణ రాసి పటానికి జతచేయాలి. చూడనివాడి కళ్లకు కట్టేలా రాయాలి.

ఆ అడిస్కోంబులో పదిహేనేళ్ల వయసులో చేరిన పిల్లవాడు ఆర్థర్ కాటన్. చదువు ముగిశాక 1820లో వేల్సులోని బాంగరు దగ్గర సర్వే పనిలో పెడితే, అక్కడ రాసిన నివేదికలకే మొదట మెప్పు పొందాడు. తర్వాత మద్రాసు ఇంజనీర్ల దళంలో ఈ దేశం వచ్చాడు. తంజావూరు ప్రాంతంలో కొల్లిడం నది మీద 1836లో ఆనకట్టలు కట్టాడు. గోదావరికి రాకముందు విశాఖపట్నంలో ఉండి, ఊరిని సముద్రపు కోత నుంచి కాపాడే గట్లు వేయించాడు.

1844లో గోదావరి డెల్టా మీద కాటన్ రాసిన నివేదిక, మరుసటి ఏడు రాసిన రెండోది, సైనిక ఇంజనీరు రాతకు మన నేల మీద అతి పెద్ద ఉదాహరణ. అప్పటికి పదేళ్ల కిందటే నందన కరువు తీరప్రాంతాన్ని ఊడ్చేసింది. పక్కనే ఏటికేడు నది నిండుగా పారి సముద్రంలో కలుస్తోంది. కాటన్ రాతకు పట్టు ఇచ్చింది జాలి ఒక్కటే అయితే లండనులో కూర్చున్న డైరెక్టర్లు కదిలేవాళ్లు కారు. ఆయన తంజావూరును పక్కన పెట్టి చూపించాడు. అక్కడి నేల ఎలాంటిది, నీరు కట్టాక ఆదాయం ఎంత, ఇక్కడి నేల అంతకన్నా ఎందులో తక్కువ, ఇక్కడ ఆదాయం ఎందుకు పడిపోతోంది అని అడిగాడు. ఖర్చు, రాబడి, రాయి దొరికే చోటు, పడవల రాకపోక ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. గోదావరి స్నానం చేసేవాళ్లు ఆయన్ని భగీరథుడితో పోల్చి తలచుకునే ఆచారం ఆ డెల్టాలో పుట్టింది. జనం తలచుకునేది ఆనకట్టను. ఆ ఆనకట్టకు ముందు రెండు నివేదికలున్నాయని కూడా తలచుకోవాలి. సైనిక కళాశాలలో చదివినవాడి కలం నుంచి తెలుగు నేలకు ఇంతకన్నా మేలు చేసిన రాత మరొకటి రాలేదని నా అభిప్రాయం.

ఒక్క చీటీ

రాత శిక్షణను యూరపు సైన్యాలు గట్టిగా పట్టించుకోవడానికి కారణమైన దుర్ఘటనల్లో అందరికీ తెలిసింది బాలక్లావా. 1854 అక్టోబరు 25న క్రిమియాలో బ్రిటిషు సేనాపతి రాగ్లన్ కొండ మీద నుంచి చూస్తూ ఒక చీటీ రాయించాడు. గుర్రపు దళం ముందుకు వేగంగా సాగి, శత్రువు ఫిరంగులు తరలించుకుపోకుండా ఆపాలని దాని సారాంశం. కొండ మీది నుంచి చూసేవాడికి ఏ ఫిరంగులో స్పష్టంగా కనబడుతున్నాయి. లోయలో ఉన్న గుర్రపు దళాధిపతి లూకన్‌కు అవి కనబడవు. ఏ ఫిరంగులని అడిగితే చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్ లోయ చివర వైపు చెయ్యి చూపాడు. అక్కడ ఉన్నది రష్యా ఫిరంగుల బారు. దాదాపు 670 మంది గుర్రాల మీద ఆ లోయలోకి దూకారు. వందమందికి పైగా అక్కడే చనిపోయారు. నోలన్ ముందే కూలిపోయాడు కాబట్టి అతని మనసులో ఏముందో ఎవరూ అడగలేకపోయారు.

క్రిమియా యుద్ధంలో ఇలాంటి లోపాలు ఎన్నో బయటపడ్డాక, 1858లో ఇంగ్లండులో స్టాఫ్ కాలేజీ ఏర్పడింది. సేనాపతి నిర్ణయాన్ని స్పష్టమైన ఆజ్ఞగా మార్చి కిందికి పంపే అధికారులను తయారుచేయడం దాని పని. తర్వాతి రోజుల్లో కేంబర్లీ పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. ఇతర స్టాఫ్ కళాశాలలు చాలావరకు దాని ఒరవడిలో నడిచినవే.

ఈ చదువులో ఏం దిద్దుతారో మన ఊరి మీదే చూద్దాం. అనకాపల్లికీ కశింకోటకూ మధ్య శారదా నది ఉంది. ఒక శిక్షణార్థి ‘రేపు తెల్లవారేసరికి శారద వంతెన దగ్గరికి చేరుకుని దాన్ని కాపాడాలి’ అని ఆజ్ఞ రాశాడనుకుందాం. ఇంట్లోవాళ్లకు చెప్పడానికైతే సరిపోయే మాట. దిద్దే అధికారి దాని మీద ఎర్ర సిరాతో ప్రశ్నలు వేస్తాడు. రోడ్డు వంతెనా, రైలు వంతెనా? అనకాపల్లి గట్టు మీద ఉండాలా, కశింకోట గట్టు మీదా? తెల్లవారడం అంటే వెలుగు రావడమా, పొద్దు పొడవడమా? ఆ రెంటికీ మధ్య అరగంట తేడా ఉంటుంది. కాగితం అర్ధరాత్రి దాటాక చేతికందితే ‘రేపు’ ఏ రోజు? కాపాడడం అంటే ఎవరినీ దాటనివ్వకపోవడమా, సొంత బండ్లు దాటేదాకా నిలబెట్టుకోవడమా, చేజారేటట్టుంటే కూల్చేయడమా? అసలు ఎవరు కాపాడాలి? ఒక్క వాక్యంలో ఇన్ని సందులుంటే, ఒక్కో సందులోంచి ఒక్కో ప్రాణం పోయే వీలుంది.

అందుకే సైనిక ఆజ్ఞకు ఒక ముగ్గు గీసి ఉంచారు. పరిస్థితి, లక్ష్యం, అమలు, పరిపాలన-సరఫరా, అధికారం-సంకేతాలు అనే అయిదు గళ్లలోనే ఏదైనా రాయాలి. లక్ష్యం ఒక్క వాక్యంలో రావాలి. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి అందులోనే తేలాలి. ఊళ్ల పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, వేళ ఇరవై నాలుగు గంటల లెక్కలో ఉండాలి. పేరాలకు వరుస సంఖ్యలుండాలి. రహస్య స్థాయి ప్రతి పుటకూ పైనా కిందా ఉండాలి. చూడ్డానికి ఇదంతా గుమస్తాగిరీలా ఉంటుంది. మూడు రోజులుగా నిద్రలేని మనిషి, టార్చి వెలుగులో, వానలో, వెతుక్కోకుండా చదువుకోవాలి కాబట్టి ఈ గళ్లు వచ్చాయి.

ఆజ్ఞ కన్నా కష్టమైంది ‘అప్రిసియేషన్’. పరిస్థితి అంచనా అనవచ్చు. ఏం సాధించాలి, దానికి అడ్డూ అనువూ అయ్యే అంశాలేమిటి, ఎదుట ఎన్ని దారులున్నాయి, ఏ దారి మేలు అని వరుసగా తేల్చాలి. ఇందులో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. నది వెడల్పు, వాన, రోడ్డు, బలగం అంటూ సమాచారం నింపుతారు. ప్రతి అంశం కిందా ‘అయితే ఏమిటి?’ అని అడుగుతారు బోధకులు. నదిలో నడుములోతు నీళ్లున్నాయి, అయితే ఏమిటి? మనుషులు దాటగలరు, బండ్లు దాటలేవు, అయితే ఏమిటి? బండ్లకు వంతెన కావాలి, కాబట్టి వంతెన ముందు చేజిక్కాలి. ఈ గొలుసు తెగకుండా రాయగలిగినవాడి ఆలోచన కూడా తెగదని సైన్యం నమ్మకం. మన బడుల్లో వ్యాసరచన చెప్పే మాస్టార్లకు కూడా ఈ ‘అయితే ఏమిటి?’ పనికొస్తుంది.

క్వెట్టా, వెల్లింగ్టన్

భారతదేశంలో స్టాఫ్ కాలేజీ 1905లో నాసిక్ దగ్గర దేవలాలీలో మొదలై 1907లో బలూచిస్తాన్‌లోని క్వెట్టాకు మారింది. అక్కడ చదివిన తొలి భారతీయ అధికారి కె.ఎం. కరియప్ప, ఆయన చేరింది 1933లో. 1934 నుంచి కొన్నేళ్లు బ్రిటిషు సైన్యాధికారి మోంట్‌గోమరీ అక్కడ ప్రధాన బోధకుడు. విలియం స్లిమ్ 1926లో విద్యార్థిగా వచ్చాడు. స్లిమ్ సంగతి ఈ వ్యాసానికి బాగా దగ్గరిది. జీతం చాలక ఆయన ఆంథొనీ మిల్స్ అనే మారుపేరుతో పత్రికలకు కథలు రాసేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో ఓడిపోయి వెనక్కి నడిచి, మళ్లీ భారతీయ సైనికులతోనే గెలిచిన కథను 1956లో ‘డిఫీట్ ఇంటు విక్టరీ’ పేరుతో అచ్చేశాడు. తన తప్పులను తానే పేరుపెట్టి ఒప్పుకున్న సేనాపతి పుస్తకంగా దాన్ని ఈనాటికీ అధికారులు చదువుతారు. కథలు రాసిన చెయ్యి, ఆజ్ఞలు రాసిన చెయ్యి అందులో కలిసి కనబడతాయి.

దేశ విభజనతో క్వెట్టా పాకిస్తాన్‌కు పోయింది. భారత భాగాన్ని నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఎస్.డి. వర్మ నిలబెట్టాడు. 1948లో మొదటి కోర్సు నడిచింది. డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీగా మూడు దళాల అధికారులూ ఇప్పుడు అక్కడ కలిసి చదువుతారు. గుడ్లగూబ దాని చిహ్నం. అందులో సీటు కోసం సైన్యాధికారులు రాసే పోటీ పరీక్షే పెద్ద రాత పరీక్ష. లోపలికి వెళ్లాక పరిశోధన వ్యాసం సమర్పిస్తే మద్రాసు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ పట్టా ఇస్తుంది.

తెలుగు నేల మీద ఇదే కోవకు చెందినది సికింద్రాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్. 1970 డిసెంబరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ పేరుతో మొదలై 1980లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇక్కడి ఉన్నత కోర్సు చదివిన అధికారులకు ఉస్మానియా విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంటులో పీజీ పట్టా ఇస్తుంది. వెల్లింగ్టన్‌లో యుద్ధరంగపు ఆజ్ఞ ప్రధానమైతే, ఇక్కడ సరఫరా, డబ్బు, మనుషులు, నిర్ణయశాస్త్రం ప్రధానం. అంకెలతో వాదించడం నేర్పే చోటు. కాటన్ తంజావూరునూ గోదావరినీ పక్కపక్కన పెట్టి చేసింది కూడా అదే కాబట్టి, ఈ కళాశాల తెలుగు నేల మీద ఉండడం సబబుగానే అనిపిస్తుంది.

కోరుకొండ దారి

రక్షణ మంత్రిగా వి.కె. కృష్ణ మేనన్ ఉన్నప్పుడు, 1961లో సైనిక్ స్కూళ్ల పథకం మొదలైంది. అధికారుల కొలువులు కొన్ని ప్రాంతాలకూ కొన్ని వర్గాలకూ పరిమితమైపోకుండా, మామూలు ఇళ్ల పిల్లలను జాతీయ రక్షణ అకాడమీకి సిద్ధం చేయడం దాని ఉద్దేశం. విజయనగరం పూసపాటి వంశంవారి కోరుకొండ ప్యాలెస్‌లో 1962 జనవరి 18న ఆంధ్రలో మొదటి సైనిక్ స్కూలు తెరిచారు. రాయలసీమలోని కలికిరిలో మరొకటి 2014లో వచ్చింది.

ఆరో తరగతిలో ప్రవేశానికి పెట్టే అఖిల భారత పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. మొత్తం 300 మార్కుల్లో 150 లెక్కలవే, భాషకు 50. అన్నీ సరైన జవాబుకు గడి నింపే ప్రశ్నలే. పిల్లవాడు సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయనక్కర్లేదు. తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులోనే. దెహ్రాదూన్‌లో 1922లో పెట్టిన రాష్ట్రీయ ఇండియన్ మిలటరీ కాలేజీ పరీక్ష వేరే తీరు. అక్కడ పన్నెండేళ్ల పిల్లలు ఇంగ్లీషు పేపరులో వ్యాసం, ఉత్తరం చేత్తో రాయాలి. ఈ రెండు పద్ధతుల్లో రెండోదే పిల్లవాణ్ణి సరిగా చూపిస్తుందని నా నమ్మకం. గడి నింపడంలో అదృష్టానికి చోటుంది. నాలుగు పేరాల ఉత్తరంలో దాక్కునే చోటు లేదు.

అకాడమీ రాత పరీక్ష గట్టెక్కినవాళ్లకు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు అయిదు రోజుల ఎంపిక ఉంటుంది. అందులో ఒక పూటంతా రాతే. తెర మీద మసక బొమ్మ ముప్పై సెకన్లు కనబడుతుంది. తర్వాత నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయాలి. ఇలా పదకొండు బొమ్మలు. పన్నెండోది ఖాళీ తెర. సొంతంగా ఊహించుకుని రాయాలి. వెంటనే అరవై మాటలు, మాటకు పదిహేను సెకన్లు. ఒక్కో మాటకు ఒక్కో వాక్యం. ఆ తర్వాత అరవై సందర్భాలు, మొత్తానికి అరగంట. చివర తన గురించి తాను రాసుకోవాలి. బొమ్మకు కథ రాయించే పద్ధతిని 1930లలో హార్వర్డ్‌లో హెన్రీ మరే, క్రిస్టియానా మోర్గన్ తయారుచేశారు. మనిషి మనసు తనకు తెలియకుండా కథలోకి వస్తుందన్నది దాని ఆధారం.

చోడవరం నుంచో మాడుగుల నుంచో వెళ్లిన కుర్రవాడిని ఆ గదిలో ఊహించండి. బొమ్మలో ఏటిగట్టున ఇద్దరు మనుషులు, దూరంగా ఏదో పొగ. అతని మనసులో మొదట మెదిలేది తెలుగే: వరద, పడవ, గట్టు తెగడం, ఊళ్లోవాళ్లను మెరకకు చేర్చడం. చేతి నుంచి రావాల్సింది ఇంగ్లీషు. నాలుగు నిమిషాల్లో సగం మాట వెతుక్కోవడానికే పోతుంది. ఆ భయంతో చాలామంది కోచింగుల్లో అమ్మే తయారు కథలు బట్టీపట్టి వెళ్తారు. ఏ బొమ్మ వేసినా అదే ఊరు, అదే ప్రమాదం, అదే ధైర్యవంతుడైన రాము. వరసగా వందల కాగితాలు చదివే మనస్తత్వ నిపుణుడు దాన్ని పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. చిన్న ఇంగ్లీషు మాటలతోనైనా సొంత ఏటిగట్టు కథ రాసిన కుర్రవాడే నయం. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు ముందే ఎవరైనా చెప్పాలి.

సిపాయి ఉత్తరం

అధికారుల కళాశాలలకు అవతల, మామూలు జవాను చదువు వేరుగా పెరిగింది. బ్రిటిషు కాలంలో సైన్యపు వాడుక భాష రోమన్ అక్షరాల్లో రాసే హిందుస్తానీ. తెలుగు సిపాయి పటాలంలో చేరాక ఆ లిపిలో చదవడం, రాయడం నేర్చుకోవాల్సి వచ్చేది. పదోన్నతికి సైనిక విద్యా పరీక్షలు పాసవ్వాలి. విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ సర్కార్స్‌కు ఉత్తర సర్కారుల పేరే పెట్టారు. అక్కడ ఒకప్పుడు నౌకాదళంలో చేరిన కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. 1980లో అది ఒడిశాలోని చిలికాకు మారింది.

ఇంటికి రాసే ఉత్తరం మాత్రం తెలుగులోనే సాగింది. చదువు రానివాడు చెబుతుంటే పటాలంలో రాత వచ్చినవాడు రాసిపెట్టేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లిన భారతీయ సిపాయిల ఉత్తరాలను సైనిక సెన్సారు తెరిచి, కొన్నిటిని ఇంగ్లీషులోకి మార్చి నివేదికలు పంపేది. ఆ నివేదికలు లండనులో భద్రంగా ఉన్నాయి. అసలు ఉత్తరాలు చాలావరకు మాయమయ్యాయి. ఎంతోమంది సైనికులను పంపి మిలటరీ మాధవరం అనే పేరే తెచ్చుకున్న పశ్చిమ గోదావరి పల్లెలోనూ, మన ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ ఏ పెట్టె అడుగునో కొన్ని మిగిలి ఉండాలి.

సైన్యం తనవాళ్ల కోసం 1909 జనవరిలో మొదలుపెట్టిన ‘ఫౌజీ అఖ్బార్’ 1954లో ‘సైనిక్ సమాచార్’ అయింది. అది పదమూడు భాషల్లో వెలువడుతూ వచ్చింది. వాటిలో తెలుగు ఒకటి. సైనిక విషయాలను తెలుగులో రాసే అలవాటును ప్రభుత్వం తరఫున బతికించిన పత్రిక అదే.

బయటి దేశాల్లో

1802లో మొదలైన అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో మొదటి ఏడాది కేడెట్లందరూ రచన కోర్సు చదవాలి. రాత దిద్దుకోవడానికి అక్కడ మౌంగర్ పేరుతో ప్రత్యేక కేంద్రం ఉంది. ఇంజనీరింగు చదివేవాడైనా అక్కడికి వెళ్లి తన వ్యాసం చూపించుకోవచ్చు. అక్కడ 1843లో పట్టా తీసుకుని, తర్వాత సేనాపతీ దేశాధ్యక్షుడూ అయిన యులిసీస్ గ్రాంట్ విద్యార్థిగా ఉన్నప్పుడు నవలలు తెగ చదివేవాడు. గొంతు క్యాన్సరుతో, అప్పులతో బాధపడుతూ చావుకు కొన్ని రోజుల ముందు 1885లో పూర్తిచేసిన ఆయన జ్ఞాపకాలు అమెరికా గద్యంలో గొప్ప పుస్తకాల్లో ఒకటిగా నిలిచాయి. అమెరికా వైమానిక అకాడమీ ఇంగ్లీషు విభాగం 1989 నుంచి యుద్ధమూ సాహిత్యమూ కళలూ కలిపి ఒక పత్రిక నడుపుతోంది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు కథ, కవిత, జ్ఞాపకం రాయడం నేర్పే శిబిరాలను 2004లో అక్కడి జాతీయ కళా సంస్థ సైనిక స్థావరాల్లోనే పెట్టింది. ఆజ్ఞ రాయడం నేర్పినవాడికే, ఆ ఆజ్ఞ తర్వాత మనసులో మిగిలినదాన్ని రాయడం కూడా నేర్పాలన్న ఆలోచన మనకింకా రాలేదు. రావాలి.

తెలుగు చేతులు

సైనిక కళాశాలల రాత చదువు తెలుగువాడి చేతిలో ఎంత దూరం వెళ్లిందో చూపడానికి జనరల్ కె.వి. కృష్ణారావు ఒక్కరు చాలు. 1942లో అధికారిగా చేరి, 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతిగా పనిచేశారు. 1975లో సైన్యాన్ని ముందు పాతికేళ్లకు ఎలా తీర్చిదిద్దాలో చెప్పడానికి ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ సంఘం నివేదిక తర్వాతి సైనిక మార్పులకు ఆధారమైంది. పదవి వదిలాక 1991లో ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’, 2001లో ‘ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్’ రాశారు. రెండూ ఇంగ్లీషులో రాసినవే. ఆయన్ని తప్పుపట్టనక్కర్లేదు, చదువంతా ఇంగ్లీషులో నేర్చుకున్నవాడు, దేశమంతటికీ చెప్పాలనుకున్నవాడు. రెండు వందల ఏళ్ల కింద దొరలు తెలుగు రాయడం నేర్చుకోవడానికి కళాశాల పెట్టుకున్నారు. ఇప్పుడు తెలుగు పిల్లలు సైనిక కళాశాలకు చేరేసరికి తెలుగు రాయడం ఆపేస్తున్నారు.

ఇది చదివేవాళ్లలో సైన్యంలోనో నేవీలోనో పనిచేసి ఇంటికి వచ్చినవాళ్లుంటే, చూసినది తెలుగులో రాయండి. నేర్చుకున్న పద్ధతే చాలు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది. తాతో పెదనాన్నో పటాలం నుంచి రాసిన ఉత్తరాలు, కార్డుముక్కలు ఇంట్లో ఉంటే చెదలకు వదలకండి. ప్రతి దాని వెనక పేరు, పటాలం, ఊరు, ఏడాది పెన్సిలుతో రాసి, ఒక కవరులో పెట్టి, పొడిగా ఉండే చోట దాచండి.